రేపటి చర్చ: కణానికి దెబ్బ తగిలితే

అందరికీ నమస్తే. రేపు సాయంత్రం 5కి పాథాలజీ డిస్కషన్. టాపిక్ సెల్ ఇంజురీ. లిస్టులు బట్టీ పట్టి రావద్దప్పా, కథ పట్టుకోండి.

రక్తం ఆగితే ఆక్సిజన్ అందదు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ పడిపోతుంది, సోడియాన్ని బయటికి తోసే పంపు మొరాయిస్తుంది. సోడియం లోపలే ఉండిపోతుంది, దాని వెంట నీళ్లు చేరి కణం ఉబ్బుతుంది. ఇంతవరకూ అయితే రక్తం మళ్లీ అందగానే కోలుకుంటుంది. కణం పొర చిరిగి, శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పాడయ్యాక ఇక వెనక్కి రాదు. గుండె కండరానికి ఆ గడువు సుమారు 20-30 నిమిషాలు, మెదడు కణాలకు 3-5 నిమిషాలే. మొన్న చూసిన గుండె స్లైడు గుర్తుందా, కండరం ఎర్రగా ఉండి లోపల న్యూక్లియస్‌లు మాయమైనది? అది గడువు దాటిన కండరం.

కర్నూలు ఎండలో చదువుతున్నాం కాబట్టి ఇది నాకు ఇష్టమైన ముక్క: 1962లో రిటోసా అనే ఇటలీ శాస్త్రవేత్త, వేడి తగిలిన ఈగ లార్వాల క్రోమోజోములు అక్కడక్కడా ఉబ్బడం గమనించాడు. హీట్ షాక్ ప్రోటీన్ల కథ అక్కడే మొదలు. వేడికి మడత చెడిన ప్రోటీన్లను ఇవి సరిచేస్తాయి.

అపోప్టోసిస్, అంటే కణం తనంతట తానే ఓ పద్ధతిలో చనిపోవడం, ఎల్లుండి చూద్దాం. స్లైడు ఫొటోలు ఉన్నవాళ్లు రాత్రికే గ్రూపులో పెట్టండి.