పోక్సో కోర్టులో పీపీ జీతం ఎవరి పద్దులో?

కేంద్ర న్యాయశాఖ స్వతంత్ర హోదా సహాయ మంత్రి శ్రీ అర్జున్ రామ్ మేఘవాల్ గారికి,

నమస్కారాలు.

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం), అత్యాచారం కేసుల కోసం మీ శాఖ నడిపిస్తున్న ఫాస్ట్ ట్రాక్ ప్రత్యేక కోర్టుల పథకంలో ఒక మనిషి జీతం లెక్కలోకి రాలేదు. జడ్జి గారిది ఉంది, సిబ్బందిది ఉంది. ప్రభుత్వం తరఫున లేచి కేసు నడపాల్సిన పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ)ది లేదు. ఉత్తరం మీకే రాస్తున్నా, మా రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక శాఖలు కూడా చదవాలని నా కోరిక.

2019 అక్టోబరులో మొదలైన ఈ పథకంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి. ఈశాన్య, కొండ ప్రాంత రాష్ట్రాలకైతే 90:10. మీ వాటా మహిళల భద్రత కోసం పెట్టిన నిర్భయ నిధి నుంచి వస్తుంది. 2023లో పొడిగించినప్పుడు 2026 మార్చి దాకా రూ.1,952.23 కోట్లు అనుకున్నారు, అందులో కేంద్రానిది రూ.1,207.24 కోట్లు. ఈ సొమ్ము దేనికని సభ్యులు అడిగితే పార్లమెంటులో మీ శాఖ ఇచ్చే జవాబు మారదు: ఒక న్యాయాధికారి, ఏడుగురు సహాయక సిబ్బంది జీతాలు, రోజువారీ ఖర్చులకు ఫ్లెక్సీ గ్రాంటు. ఆ వరుసలో పీపీ ఊసు ఉండదు.

నిజానికి ఈ కోర్టులకు దారి వేసిన ఉత్తర్వులోనే ఆ ఊసు ఉంది. పసిపిల్లలపై అత్యాచారాలు పెరుగుతున్నాయని సుప్రీంకోర్టు తనంతట తాను చేపట్టిన కేసులో 2019 జులై 25న ఉత్తర్వు ఇచ్చింది. వందకు మించి పోక్సో కేసులున్న ప్రతి జిల్లాలో కేంద్రం డబ్బుతో ప్రత్యేక కోర్టు పెట్టాలని, ఆ డబ్బులోంచే జడ్జితో పాటు స్పెషల్ పీపీలు, పిల్లలకు తోడుండే సహాయ వ్యక్తులు, సిబ్బంది ఖర్చు కూడా చూడాలని చెప్పింది. ఉత్తర్వు పథకంగా మారేసరికి పీపీ ఎక్కడ జారిపోయాడో మీ ఫైళ్లకే తెలియాలి.

పోక్సో చట్టం 32వ సెక్షను ప్రకారం ప్రతి ప్రత్యేక కోర్టుకూ, ఈ చట్టం కింది కేసులు తప్ప వేరేవి చూడని ఒక స్పెషల్ పీపీని నియమించాల్సింది రాష్ట్రమే. కాబట్టి రాష్ట్రాలను నేను వెనకేసుకు రావడం లేదు. కొత్త పోస్టు అనగానే ఫైలు ఆర్థిక శాఖకు వెళ్తుంది, అక్కడ కూర్చుంటుంది. ఈలోగా పక్క కోర్టు పీపీకో, అసిస్టెంట్ పీపీకో అదనపు బాధ్యత అప్పగిస్తూ ఒక ఉత్తర్వు వస్తుంది. కాగితం మీద పోస్టు నిండినట్టే.

ఆ ఇన్‌చార్జి ఏర్పాటు కోర్టు హాల్లో ఎలా ఉంటుందో చెప్తాను. పదిన్నరకు కాల్ వర్క్, అంటే ఆ రోజు కేసుల్ని వరుసగా పిలవడం, మొదలవుతుంది. పాప, వాళ్లమ్మ వరండాలో కూర్చుని ఉంటారు. పీపీ గారు పక్క సెషన్స్ కోర్టులో హత్య కేసు డాక్టరు సాక్ష్యం చెప్పిస్తుంటారు, దాన్ని మధ్యలో వదిలి రాలేరు. కోర్టు కానిస్టేబుల్ వెళ్లి గుమ్మంలో నిలబడి వస్తాడు. పన్నెండు దాటాక పీపీ గారు వచ్చి కేసు కాగితాల కట్ట విప్పి, మేజిస్ట్రేటు దగ్గర పాప ఇచ్చిన వాంగ్మూలాన్ని నిలబడే చదువుకుంటారు. ఈ చట్టంలో పాపను మేమెవరం నేరుగా ప్రశ్నించకూడదు. ప్రశ్నలు జడ్జి గారికి అందిస్తే ఆయన అడుగుతారు. అంటే ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమయ్యే మాటల్లో ప్రశ్నలు ముందే తయారుగా ఉండాలి. ఆ పూట అవి ఎవరి దగ్గరా ఉండవు, వాయిదా పడుతుంది. కేసును విచారణకు స్వీకరించిన 30 రోజుల్లో పిల్లల సాక్ష్యం నమోదు కావాలన్నది కూడా అదే చట్టం.

నేను ఎక్కువగా ముద్దాయిల తరఫున వాదించేవాణ్ణి. పీపీ తయారుగా లేకపోతే నీకు లాభమే కదా అని మిత్రులు నవ్వుతారు. బెయిలు దొరకని ముద్దాయి, అందులోనూ అబద్ధపు కేసులో ఇరుక్కున్నవాడు, ఆ వాయిదాలన్నీ జైల్లోనే గడుపుతాడు. అతని భార్యకు జవాబు చెప్పుకోవాల్సింది నేను.

శాంతిభద్రతలు, పోలీసులు రాష్ట్రాలవి, వాళ్ల పీపీ జీతం మాకేమిటని మీ అధికారులు అనవచ్చు. జిల్లా జడ్జీల జీతం కూడా రాష్ట్ర ఖజానాదే కదండీ. దానికి 60 శాతం ఇవ్వడానికి అడ్డురాని సూత్రం, అదే హాల్లో ఎదురుగా నిలబడే పీపీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అడ్డొస్తుంది?

ప్రాసిక్యూటర్ జీతాన్ని రెండు ప్రభుత్వాలు పంచుకోవడం వింతేమీ కాదు. అమెరికాలో ఇలినాయిస్ రాష్ట్రం చూడండి, షికాగో చుట్టుపక్కల మనవాళ్లు బోలెడంతమంది ఉన్నచోటే. ప్రతి కౌంటీ (మన జిల్లా లాంటిది) ఓటర్లూ తమ ప్రాసిక్యూటర్‌ని, అంటే స్టేట్స్ అటార్నీని, తామే ఎన్నుకుంటారు. ఆయన జీతంలో ఎక్కువ భాగం రాష్ట్రానిది, మిగతాది కౌంటీది. అది చట్టంలోనే రాసి ఉంది. వాటా స్పష్టంగా లేకపోతే ఏమవుతుందో న్యూయార్క్‌లో చూడొచ్చు. అక్కడ కౌంటీ ప్రాసిక్యూటరైన డిస్ట్రిక్ట్ అటార్నీ జీతం జడ్జీల జీతంతో ముడిపడి ఉంది. 2016లో జడ్జీలకు పెరగ్గానే వీళ్లకూ పెరిగింది. పెంచేది మీరు, కట్టేది మేమా అని కౌంటీలు రాష్ట్రం మీద విరుచుకుపడ్డాయి. మన దగ్గర వాటా రాసేటప్పుడు పీఆర్సీ వచ్చినా, డీఏ పెరిగినా అదే 60:40 వర్తిస్తుందని ముందే రాసుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

రాష్ట్రాల భయం కూడా చెప్పాలి. పదకొండో ఆర్థిక సంఘం రూ.502.90 కోట్లతో 1,734 ఫాస్ట్ ట్రాక్ కోర్టులకు డబ్బిచ్చింది. గడువు పొడిగిస్తూ వచ్చి 2011 మార్చి 31తో కేంద్రం చేతులు దులుపుకుంది. ఆ దెబ్బ తిన్న ఆర్థిక శాఖలు కేంద్రం డబ్బు చూసి శాశ్వత పోస్టు సృష్టించడానికి జంకుతాయి, అది అర్థం చేసుకోదగ్గదే. అందుకే రెండేళ్లకో మూడేళ్లకో పొడిగించే హామీ చాలదు. పోస్టు ఉన్నన్నాళ్లూ మీ వాటా ఉంటుందని రాతపూర్వకంగా చెప్పండి. నియామకం మాత్రం 32వ సెక్షను చెప్పినట్టు రాష్ట్రం చేతుల్లోనే ఉండాలి, జీతంతో పాటు పెత్తనం రాకూడదు.

ఈ పథకం కింద తెలంగాణలో 36, ఆంధ్రప్రదేశ్‌లో 16 కోర్టులున్నాయి. రెండు రాష్ట్రాలకూ కలిపి కావాల్సింది 52 మంది స్పెషల్ పీపీలు. మార్గదర్శకాల్లో ‘ఒక న్యాయాధికారి, ఏడుగురు సిబ్బంది’ పక్కన ఒక స్పెషల్ పీపీని చేర్చండి. డబ్బు దేనికి వాడారో చూపుతూ రాష్ట్రాలు పంపే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో ఆ పీపీకి మరో కోర్టు బాధ్యత లేదని జిల్లా జడ్జి ధ్రువీకరణ కూడా అడగండి. అడక్కపోతే డబ్బు తీసుకుని పాత ఇన్‌చార్జి పేరే రాసి పంపుతారు. మావాళ్ల సంగతి నాకు తెలుసు.

ఇట్లు,
ఒక జిల్లా కోర్టు న్యాయవాది