నవంబర్ 7న అసెంబ్లీలో వచ్చిన ప్రశ్న

తల్లిదండ్రులకు నమస్కారం.

రోజూ అసెంబ్లీలో ఒక విద్యార్థి ‘చరిత్రలో ఈ రోజు’ చదవడం మీకు తెలిసిందే. ఈ నెల 7న ఏడో తరగతి అమ్మాయి వంతు వచ్చింది. 1867లో వార్సాలో మేరీ క్యూరీ పుట్టారు, 1888లో తిరుచిరాపల్లిలో సి.వి.రామన్ పుట్టారు, 1862లో చివరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ రంగూన్ ప్రవాసంలో కన్నుమూశారు అని చక్కగా చదివింది. తర్వాత రష్యాలో కమ్యూనిస్టులు అధికారం చేపట్టిన 1917 అక్టోబర్ విప్లవం పేరు రాగానే వెనక వరసలో ఒక బాబు చెయ్యెత్తాడు.

“నవంబర్‌లో జరిగితే అక్టోబర్ విప్లవం ఏంటి మేడమ్?”

ఆ రోజు మొదటి పీరియడ్ ఆలస్యంగా మొదలైంది. అప్పట్లో రష్యా పాత జూలియన్ క్యాలెండర్ వాడేది. అందులో ఏడాది అసలు నిడివి కంటే సుమారు 11 నిమిషాలు ఎక్కువ. శతాబ్దాలు గడిచేసరికి ఆ నిమిషాలే పోగుపడి 13 రోజుల తేడా తెచ్చాయి. మనకు నవంబర్ 7 అయితే అప్పటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో ఇంకా అక్టోబర్ 25. 1918లో రష్యా ఇప్పుడు మనం వాడే కొత్త క్యాలెండర్‌కు మారినప్పుడు జనవరి 31 తర్వాతి రోజు నేరుగా ఫిబ్రవరి 14 అయింది. “మరి మధ్యలో పుట్టినరోజు ఉన్నవాళ్లు?” అని పిల్లలు ఒకటే గోల. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

నవంబర్ 7 అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది భౌతిక శాస్త్రవేత్త లీజ్ మైట్నర్. 1878లో వియన్నాలో పుట్టారు. జనన రిజిస్టర్‌లో 17వ తేదీ అని ఉంది, ఆమె మాత్రం 7నే పుట్టినరోజు చేసుకునేవారు. యూదు కుటుంబంలో పుట్టినందుకు 1938లో నాజీ జర్మనీ వదిలి స్వీడన్ చేరారు. ఆ చలికాలంలోనే, అక్క కొడుకు ఓటో ఫ్రిష్‌తో కలిసి, యురేనియం కేంద్రకం రెండుగా చీలుతోందని లెక్కగట్టి వివరించారు. ఆ ఆవిష్కరణకు నోబెల్ బహుమతి ఆమెతో కలిసి పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఓటో హాన్ ఒక్కరికే ఇచ్చారు. అది అన్యాయమనే నా అభిప్రాయం, పిల్లలకూ అదే చెప్పాను. 109వ మూలకానికి ఆమె పేరు పెట్టింది ఆమె పోయాక చాలా ఏళ్లకు.

ఇంతకాలం మేం పిల్లలతో బోలెడు తేదీలు గబగబా చదివించాం. క్విజ్ టెన్షన్‌తో వాళ్లు బట్టీ పట్టారు, వారంలో మర్చిపోయారు. ఇకనుంచి రోజుకు రెండు మూడు సంగతులే చదువుతారు, వాటి మీద ప్రశ్నలు అడగడానికి సమయం ఇస్తాం. క్విజ్‌లో తేదీలకు మార్కులు తగ్గిస్తున్నాం.

మీ నుంచి ఒక సాయం కావాలి. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరి పుట్టినరోజు గురించి పిల్లలతో మాట్లాడించండి. కాగితంలో ఉన్న తేదీ, ఇంట్లో చెప్పుకునే తేదీ ఒకటేనా? వేరైతే ఎందుకు? పిల్లలు ఒక పేజీ రాసి సోమవారం తీసుకురావాలి. పెద్దవాళ్లు తమ తేదీ బయట పెట్టవద్దంటే అది వదిలేసి, కథ ఒక్కటీ రాస్తే చాలు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు