నలుగురు విద్యార్థుల తాళవాద్య రచన: పుస్తకం సిద్ధం, వాద్యాల సెట్లు వానలు తగ్గాక

విజయవాడలోని మా వాద్యాల దుకాణాన్ని ఆదరిస్తున్న గురువులకు, విద్యార్థులకు, తల్లిదండ్రులకు నమస్కారం. మృదంగం, ఘటం (మట్టి కుండ), కంజీర (చర్మం బిగించిన చిన్న చేతి వాద్యం), మోర్సింగ్ (నోటి దగ్గర పట్టి మీటే లోహ వాద్యం) నేర్చుకుంటున్న నలుగురు కలిసి వాయించేందుకు మేము రాయించిన తాళవాద్య రచన పుస్తకం అచ్చయి వచ్చింది. ముందుగా డబ్బు కట్టినవారందరికీ ఈ వారమే పంపుతున్నాము. దానితో పాటు ఇస్తామన్న వాద్యాల సెట్లను మాత్రం వానలు పూర్తిగా తగ్గిన తరువాతే పంపగలము. ఈ ఆలస్యం ఎందుకో, సెట్టును విడివిడిగా ఎందుకు అమ్మడం లేదో చాలామంది అడుగుతున్నారు కనుక వివరంగా రాస్తున్నాను.

ఈ రచనలో గాత్రం గానీ వయొలిన్ గానీ లేదు కాబట్టి శ్రుతిని ఎంచుకునే స్వేచ్ఛ వాయించేవారిదే అనిపిస్తుంది. నిజానికి ఆ స్వేచ్ఛకు ఘటం హద్దు పెడుతుంది. కుమ్మరి ఆవంలో కాలి బయటికి వచ్చిన ఘటం శ్రుతి ఇంచుమించు స్థిరపడిపోయినట్టే. మృదంగాన్ని రాయితో, కర్రముక్కతో మూత అంచున తట్టి కొంతమేర హెచ్చించవచ్చు, తగ్గించవచ్చు. కంజీరకు లోపలివైపు నీళ్లు చల్లి బిగువు తగ్గించవచ్చు. మోర్సింగ్ నాలుకకు కాస్త మైనం అంటిస్తే శ్రుతి కిందికి దిగుతుంది గానీ, మైనంతో పైకి ఎక్కించడం కుదరదు. అందువల్ల మేము మొదట ఘటాన్ని ఎంచి, దాని శ్రుతికి తగిన మృదంగాన్ని, ఆ శ్రుతిలోనో అంతకన్న కొద్దిగా హెచ్చులోనో పలికే మోర్సింగ్‌ను జతచేస్తున్నాము. నలుగురూ ఒక్కసారిగా వాయించే చోట్ల శ్రుతి కలవకపోతే, లయ ఎంత కచ్చితంగా ఉన్నా వినేవారికి అది గందరగోళంగానే తోస్తుంది, తప్పు తమదేనని పిల్లలు బాధపడతారు.

ఇక వానల సంగతి. మృదంగం కుడి మూత మధ్యలో నల్లటి ముద్దను పొరలు పొరలుగా రుద్ది, ఒక్కొక్క పొరను ఆరనివ్వాలి. గాలిలో చెమ్మ ఉన్నప్పుడు తొందరపడి బిగించిన మూత, పొడి వాతావరణానికి చేరగానే ముడుచుకుని శ్రుతి పైకి పోతుంది. ఘటంతో కుదిర్చిన జత అక్కడితో చెడుతుంది. అటువంటి సరుకు పంపడం మాకు ఇష్టం లేదు.

కంజీర విషయంలో ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పుదుక్కోట్టైకి చెందిన మాన్పూండియా పిళ్ళై కచేరీ వేదిక మీదికి తెచ్చారని చెప్పే ఈ వాద్యానికి ఆనవాయితీగా ఉడుము చర్మమే వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉడుముకు రక్షణ ఉంది. ఎంత ధర ఇస్తామన్నా ఆ చర్మంతో చేసిన కంజీరను మేము అమ్మము. మా సెట్లలో మేక చర్మంతో చేసినదే ఉంటుంది. దాని మీద లోతైన గుముకి (చర్మాన్ని నొక్కుతూ సాగదీసే మంద్రనాదం) అంత సులువుగా పలకదు కనుక, కంజీర భాగంలో సుదీర్ఘమైన గుముకిలకు బదులు చురుకైన చిన్న జతులు (పలుకుల వరుసలు) ఎక్కువగా పెట్టించాము.

రచన 8 లెక్కల ఆది తాళంలో, ఒక్కొక్క లెక్కకు 4 మాత్రలుండే చతురస్ర నడకలో సాగుతుంది. తాళం ఒక చుట్టు తిరిగితే ఒక ఆవర్తనం. తని (ఒక్కొక్కరే వాయించే) వంతులు ముగిశాక నలుగురూ ఒకరి తరువాత ఒకరు తలా 4 ఆవర్తనాలు, తరువాత 2, ఆపైన 1, అర, చివరికి పావు ఆవర్తనం చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. పావు దగ్గర ఒక్కొక్కరికి దక్కేది 8 మాత్రలే. ముగింపులో ‘తధిగిణతొం తధిగిణతొం’ అనే 10 మాత్రల జతి మూడుసార్లు వస్తుంది. మధ్యలో రెండు చోట్ల ఒక్కొక్క మాత్ర విరామంతో మొత్తం 32 మాత్రలు, అంటే సరిగ్గా ఒక ఆవర్తనం. గురువులు ఆ రెండు విరామాల మీద ప్రత్యేకంగా సాధన చేయించాలని మనవి. జతులు బాగా పలికించే విద్యార్థులు కూడా ఆ ఖాళీ మాత్రను పూర్తిగా ఉంచకుండా తొందరపడతారు, నలుగురిలో ఒక్కరు తొందరపడినా సమం (అందరూ కలవాల్సిన తాళం మొదటి లెక్క) చెదురుతుంది. మోర్సింగ్ నాదం మెత్తనిది కాబట్టి, దాని వంతు నడిచేటప్పుడు మృదంగం తొప్పి (ఎడమ మూత) మీద మాత్రమే నెమ్మదిగా వాయించాలని పుస్తకంలో గుర్తులు పెట్టాము. మైకు లేని గదిలో ఈ నియమం తప్పనిసరి.

పనస కొయ్య, చర్మం రెండూ ప్రియమైనందున కొత్త ఆర్డర్లకు సెట్టు ధర పెరుగుతుంది. ఇప్పటికే డబ్బు కట్టినవారికి పాత ధరే వర్తిస్తుంది, ఆగలేనివారికి కట్టిన మొత్తం తిరిగి ఇస్తాము. దారిలో పగిలే ప్రమాదం ఉన్నందున విదేశాలకు ఘటం పంపడం లేదు. అక్కడివారైనా ఇక్కడివారైనా, ఘటం ఇప్పటికే ఉన్నవారు శ్రుతిపెట్టె పక్కన పెట్టి దాని నాదాన్ని రికార్డు చేసి మాకు పంపితే, మిగిలిన మూడు వాద్యాలను దానికి తగినట్టు ఎంచి పెడతాము.