గండికోట దారిలో ఒక కుళాయి

సంపాదకునికి,

అయ్యా, అనంతపురం నుంచి తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా మిత్రులం సైకిళ్లపై గండికోటకు వెళ్లాం. ఎర్రమల కొండలను చీల్చిన పెన్నా లోయ గురించి రాసేవారు చాలామందే ఉన్నారు. నేను దారి గురించి రాస్తున్నాను. తాడిపత్రి దాటాక నీడకు ఆగితే, బండల పాలిషింగ్ కూలీలు తమ సద్దిలోని జొన్నరొట్టె, వేరుశనగ పచ్చడి మాకూ పంచిపెట్టారు. పంక్చరు వేసిన పెద్దాయన డబ్బు ముట్టలేదు. పైగా, ఎండలో ఈ పిచ్చేమిటని మందలించాడు (ఆయన అన్నదీ నిజమే!).

కానీ దాహమైన ప్రతిసారీ ఎవరి తలుపో తట్టవలసి రావడం ఏం బాగుంటుంది? చలివేంద్రాలు వేసవిలోనే, అదీ పెద్ద కూడళ్లలోనే కనిపిస్తాయి. పంచాయతీలు ప్రతి బస్సు షెల్టరు దగ్గరా ఏడాది పొడవునా నీళ్లొచ్చే కుళాయి పెట్టించాలి. రోడ్డు అంచున పేరుకున్న కంకర కూడా ఊడ్పించాలి.

– ఒక పాఠకుడు, అనంతపురం