నాలుగు చిన్న బోర్డులు ఇప్పించండి

సంపాదకుడు గారికి నమస్కారములు.

నేను చూసినంతవరకు, ఒడిశాలోని మా గజపతి, గంజాం జిల్లాల కళాశాలల్లో కంప్యూటర్ సైన్సు చదివే పిల్లలకు సమాంతర, పంపిణీ కంప్యూటింగ్ (ఒకే పనిని పలు ప్రాసెసర్లకు, పలు యంత్రాలకు పంచి చేయించే పద్ధతి) పాఠం నల్లబల్ల మీదనే మొదలై అక్కడే ముగుస్తోంది. నాకు తెలిసిన ఒక కళాశాలలో ప్రయోగశాల తాళం ప్రాక్టికల్ పరీక్షల రోజున తప్ప తీయరు.

గత వేసవిలో పర్లాకిమిడిలోని మా ఇంటి వరండాలో రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులు నాలుగింటిని, యంత్రాలను తీగలతో ఒకదానికొకటి కలిపే ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్చికి తగిలించి, ఆరుగురు విద్యార్థులను కూర్చోబెట్టాను. అరచేతిలో ఇమిడే ఆ బోర్డు ఒక్కొక్కదానిలో నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), అంటే మొత్తం పదహారు. 1994లో అమెరికాలోని నాసా గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ మామూలు కంప్యూటర్లను ఈథర్‌నెట్‌తో కలిపి నిర్మించిన తొలి బేవుల్ఫ్ క్లస్టరులో (ఒకే యంత్రంలా కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపులో) ఉన్నవీ పదహారు ప్రాసెసర్లే.

కోటి లోపు ప్రధాన సంఖ్యలను లెక్కించే పనిని నాలుగు సమాన భాగాలు చేసి పంచాం. చిన్న సంఖ్యలు వచ్చిన బోర్డు ముందే ముగించి ఖాళీగా ఉండిపోగా, పెద్ద సంఖ్యలు వచ్చినది చాలాసేపు నడుస్తూనే ఉంది. "మళ్లు సమానంగా పంచినా ఊబి మడి వచ్చినవాళ్ల ఉడుపులు వెనకబడవా మాస్టారూ!" అన్నాడొక రైతుబిడ్డ. పనిని చిన్న ముక్కలు చేసి, ఒకటి ముగించిన బోర్డుకే మరొకటి అందేలా ప్రోగ్రాము తిరగరాసింది కూడా ఆ అబ్బాయే.

మరునాడు కరెంటు పోయి వచ్చింది, ఇంటర్నెట్ మాత్రం రాలేదు. ఆ బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు, వేళను ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటాయి కనుక నాలుగూ నాలుగు వేళలు చూపాయి. వేర్వేరు యంత్రాల గడియారాలను నమ్మి ఏ సంఘటన ముందు, ఏది వెనక అని తేల్చకూడదన్న సూత్రాన్ని నేను బోధించవలసిన అవసరమే రాలేదు.

ఒకే డెస్క్‌టాపులో నాలుగు కోర్లున్నప్పుడు ఇవెందుకని కొందరు అధ్యాపకులు అడుగుతున్నారు. ఉమ్మడి మెమరీతో చేసే సమాంతర పనికి అది చాలును. కానీ ఎవరి మెమరీ వారిదై, సందేశాలు పంపుకుంటే తప్ప పని సాగని స్థితి, నడుమ తీగ ఊడితే లెక్క మొత్తం నిలిచిపోయే స్థితి పిల్లలు కంటితో చూడాలంటే విడివిడి యంత్రాలే కావాలి. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం 2012లోనే ఇటువంటి 64 బోర్డులను లెగో బొమ్మ ఇటుకలతో కట్టిన అరల్లో అమర్చి క్లస్టరు చేసింది.

కనుక ఒడిశా ఉన్నత విద్యాశాఖ, బరంపురం విశ్వవిద్యాలయం రానున్న కొనుగోళ్లలో ప్రతి కళాశాలకూ నాలుగు బోర్డులు, మెమరీ కార్డులు, ఒక స్విచ్చి చేర్చాలని కోరుతున్నాను. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, సెలవుల్లో విద్యార్థులు సంతకం చేసి ఇంటికి తీసుకుపోయే వీలు కూడా కల్పించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా