పుదీనా వాసనకు ఒంటి వేడి తగ్గదు

సంపాదకులకు,

పరుగెత్తేటప్పుడు పుదీనా, నీలగిరి వాసనలను విడతలుగా చిమ్మే బ్యాండ్లు, కాలర్ క్లిప్పులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అలసట తెలియదనీ ఒళ్లు చల్లగా ఉంటుందనీ ప్రచారం. మొదటి మాట కొంతవరకు ఒప్పుకోవచ్చు. రెండోది మాత్రం విశాఖలో ప్రమాదకరం.

పుదీనాలోని మెంథాల్, చలిని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. అమృతాంజనం రాస్తే కణతలు చల్లబడినట్టు అనిపించేది ఇందుకే. థర్మామీటరు పెట్టి చూస్తే ఒంటి వేడి ఎంత ఉందో అంతే ఉంటుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఊరికే కారిపోతే చల్లబడదు. మే నెల ఉక్కలో బీచ్ రోడ్డు మీద జరిగేది ఆ కారిపోవడమే. అలాంటప్పుడు చల్లగా ఉందనిపిస్తే మనిషి వేగం తగ్గించడు, నీళ్ల కోసం ఆగడు. తల తిరిగినా, వికారం పుట్టినా, అడుగు తడబడినా వెంటనే ఆగి నీడకు చేరాలి. ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి. క్లిప్పు మాట తర్వాత.

వేగం పెరుగుతుందా అంటే, జరిగిన పరీక్షలు చిన్నవి, ఫలితాలు ఒక్కతీరుగా లేవు. ఏ వాసనో తెలియకుండా పరీక్ష పెట్టడం ఎలాగూ కుదరదు.

అయినా వాడతామంటే మణికట్టుకు వద్దు. చెయ్యి ఊపే ఊపుకు, సముద్రపు గాలికి వాసన ముక్కుదాకా రాదు. కాలర్‌కు, గడ్డానికి జానెడు కింద పెట్టుకోవాలి. ఏకధాటిగా చిమ్మితే నూనె దండగ, ముక్కు కొద్ది నిమిషాల్లోనే ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. ఒకటి రెండు సెకన్లు వదిలి, పది నిమిషాలు ఆపేలా సెట్ చేసుకోవాలి. ఇవి త్వరగా పాడయ్యేది నూనెను తుంపరగా చిమ్మే జల్లెడ దగ్గరే. ఆ జల్లెడ, అంటే కరెంటుకు వణికే పిజో డిస్కు, రంధ్రాలు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) ఉంటాయి. వట్టివేరు, గంధం లాంటి చిక్కటి నూనెలు పోస్తే పూడుకుపోతాయి. చెమట ఉప్పుకు చార్జింగ్ పిన్నులు చిలుము పడతాయి. వాడిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, జల్లెడను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో అద్దాలి.

నూనె చర్మానికి తగిలే రకం బ్యాండైతే 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో 12 చుక్కల వాసన నూనె చాలు, అంటే సుమారు 2 శాతం. నిమ్మ, నారింజ నూనెలు గాలి తగిలి పాతబడితే దద్దుర్లు తెస్తాయి. నెలల తరబడి మూత తీసి ఉన్న సీసాను పారేయడమే మేలు. ఉబ్బసం ఉన్నవాళ్లు అసలు జోలికి పోవద్దు.

పరుగు పోటీల నిర్వాహకులు నంబర్ బిబ్‌తో (ఛాతీకి తగిలించుకునే నంబరు పట్టీతో) ఇచ్చే సూచనల కాగితంలో, మెంథాల్‌తో చల్లగా అనిపించినా ఒంటి వేడి తగ్గదని ఒక్క వాక్యం చేర్చాలి. అమ్మేవాళ్లు కార్ట్రిడ్జి (నూనె డబ్బీ) మీద ఏ నూనె ఎంత శాతమో అచ్చు వేయాలి, 'సహజ పరిమళం' అంటే కుదరదు. ఇంటికొచ్చాక క్లిప్పును పిల్లలకు అందనివ్వకూడదు. రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర మెంథాల్, కర్పూరం పెడితే గొంతు బిగిసి ఊపిరాడకపోయే ప్రమాదముంది.

— క్రీడా శిక్షణలో ఉన్న కొందరు పాఠకులు, విశాఖపట్నం