డెత్ మెటల్ అన్న పేరు చూసి మా షో ఆపకండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మెటల్ సంగీతం షోలకి అనుమతి విషయమై ఇది మేము రాస్తున్న నాలుగో ఉత్తరం. మెటల్ అంటే గట్టి గిటార్లు, జోరైన డ్రమ్స్‌తో సాగే రాక్ సంగీతం. ముందు మూడూ వినతిపత్రాలుగా ఇచ్చాం. ఇన్‌వార్డులో ముద్ర వేయించుకున్న కాపీలు నా దగ్గరే ఉన్నాయి. ప్రతిసారీ ‘పరిశీలిస్తాం’ అన్నారు. కాగితం మీద ఒక్క జవాబూ రాలేదు. ఏ కార్యాలయంలో ఇచ్చామో, ఏ స్టేషన్ వాళ్ళు వచ్చి షో ఆపారో ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆ హాలు యజమానికి ఇబ్బంది. ఆయన ఇప్పటికే ‘ఇక మెటల్ వాళ్ళకి ఇవ్వను బాబూ’ అనేశారు.

నేను బ్యాండ్‌లో లేను, నిర్వాహకుణ్ణీ కాను. టికెట్ కొనుక్కుని వెళ్ళి ముందు వరసలో నిలబడే మనిషిని. పద్నాలుగేళ్ళుగా హైదరాబాద్‌లో డెత్ మెటల్ గానీ, థ్రాష్ గానీ, బ్లాక్ మెటల్ గానీ, మెటల్‌లో ఏ రకమైనా సరే, ఎక్కడ చిన్న షో పెట్టినా ఉప్పల్ నుంచి వెళ్తున్నాను. ఆగిపోయిన షోలకి కూడా వెళ్ళాను. గేటు దగ్గరిదాకా వెళ్ళాకే కదా ఆగిపోయిందని తెలిసేది.

పోయిన మార్చిలో ఒక శనివారం జరిగింది చెప్తాను. నూట యాభై మంది పట్టే హాలు. అయిదు బ్యాండ్లు, రెండు మన ఊరివి, మూడు బయటి నుంచి. కావాలనే మందు అమ్మని హాలు తీసుకున్నారు. ఎందుకో మీకు తెలుసు. మన రాష్ట్రంలో ఇరవై ఒక్కేళ్ళు నిండకుండా మందు పొయ్యకూడదు కాబట్టి పబ్బులో షో పెడితే కాలేజీ పిల్లలు లోపలికి రాలేరు. మెటల్‌ని ప్రాణంగా వినే వయసు పద్దెనిమిది, పంతొమ్మిది. వాళ్ళే గేటు బయట ఉండిపోతున్నారు. అందుకని ఈసారి పబ్బు వద్దనుకున్నారు. మందు లేదు, షో తొమ్మిదిన్నరకల్లా ముగింపు, టికెట్ 400 రూపాయలు.

పోలీసులకి దరఖాస్తు మూడు వారాల ముందే ఇచ్చారు. ట్రాఫిక్ వాళ్ళ కాగితం, ఫైర్ వాళ్ళ కాగితం, హాలు యజమాని ఒప్పుకోలు పత్రం, అన్నీ జత చేశారు. ‘చేసుకోండి, లెటర్ శనివారం మధ్యాహ్నానికి ఇస్తాం’ అని నోటిమాటగా చెప్పారు. నిర్వాహకుడు నాలుగుసార్లు తిరిగాడు. అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇరవై ఏడేళ్ళు ఉంటాయి. అలా తిరగడానికి పెట్టిన సెలవులకి జీతం కోశారు.

నాలుగింటికి సౌండ్ చెక్ మొదలైంది. బెంగళూరు డ్రమ్మర్ రాత్రంతా స్లీపర్‌లో వచ్చాడు, సింబల్స్ (డ్రమ్స్‌కి బిగించే లోహపు పళ్ళాలు) సంచి తలకింద పెట్టుకుని, రెండు కాళ్ళతో డ్రమ్ కొట్టే డబుల్ పెడల్ ఒళ్ళో పెట్టుకుని. ఆరున్నరకి నలుగురు పోలీసులు వచ్చారు. పోస్టర్ చూసి అడిగిన మొదటి ప్రశ్న, ‘డెత్ అంటే ఏంది? ఇక్కడ ఏం చేస్తరు?’ రెండోది, ‘డ్రగ్స్ ఉంటాయా?’ నిర్వాహకుడు సంచులన్నీ విప్పి చూపించాడు. గిటార్ పెట్టెలు తెరిచాడు. గ్రీన్ రూమ్ చూపించాడు. ఏమీ దొరకలేదు. తర్వాత ఎవరికో ఫోన్ చేశారు. ఏడూ పదికి ‘ఆపేయండి’ అన్నారు. కారణం రాసివ్వమంటే రాసివ్వలేదు.

అప్పటికి లోపల నూట పద్దెనిమిది మంది ఉన్నాం. ఒక్కరం కూడా గొడవ చెయ్యలేదు. వరసలో నిలబడి ఫోన్లలో డబ్బులు వెనక్కి తీసుకున్నాం, కొంతమందిమి వద్దన్నాం. హాలు అద్దె, సౌండ్ సిస్టమ్ అద్దె, రైలు చార్జీలు, భోజనాలు కలిపి ఆ అబ్బాయికి 62 వేలు పోయాయి. డ్రమ్మర్ మాట్లాడకుండా సింబల్స్ ఒక్కొక్కటే తుడిచి మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. హనుమకొండ నుంచి బస్సులో వచ్చిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడు మెట్ల మీద కూర్చున్నాడు. వాడికి అదే మొదటి షో. ‘అన్నా, మళ్ళీ ఎప్పుడు?’ అని నన్ను అడిగాడు. నేనేం చెప్పాలి సార్?

చట్టం అడ్డుపడిందంటే తల వంచుకుని ఇంటికెళ్తాం. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచి ఉన్నాయి. నేను ఒకటికి పదిసార్లు చదివాను. వాణిజ్య ప్రాంతంలో పగలు 65 డెసిబెల్స్, రాత్రి 55. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. మూసి ఉన్న ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటి చోట్ల లోపలివాళ్ళ కోసం పెట్టే మైకుకి రాత్రిపూట కూడా మినహాయింపు ఉంది. మేము ఆ మినహాయింపు కూడా అడగలేదు. పదికి అరగంట ముందే ముగిస్తామన్నాం. ఆ రోజు వచ్చిన నలుగురిలో ఒక్కరి చేతిలోనైనా శబ్దం కొలిచే మీటర్ లేదు. బయట రోడ్డు మీద నిలబడి చెవి పెట్టి విన్నవాళ్ళు కూడా లేరు. విన్నదేమీ లేదు, చదివింది పోస్టర్ మీద పేరొక్కటే.

ఇరుగుపొరుగు నిద్ర మాకు పట్టదనుకోకండి. మా ఇంట్లోనూ బీపీ ఉన్న అమ్మ ఉంది. మీటర్ పెట్టండి. హద్దు దాటితే మేమే తగ్గిస్తాం, తగ్గకపోతే మీరు ఆపండి. కొలిచి ఆపితే ఒప్పుకుంటాం.

‘ఇక్కడ ఏం చేస్తరు’ అన్న ప్రశ్నకి ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెప్తాను. చిన్న హాల్లో స్టేజీ మోకాలెత్తు ఉంటుంది. గాయకుడికీ మనకీ మధ్య చెయ్యి చాపినంత దూరం. రెండు కాళ్ళతో పెద్ద డ్రమ్ మీద కొట్టే డబుల్ బేస్ మొదలవగానే శబ్దం చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. బోనాల్లో పోతరాజు ముందు డప్పు ఊపందుకున్నప్పుడు ఒళ్ళు ఎలా లేస్తుందో మీకు తెలుసు కదా, అచ్చం అదే. మధ్యలో కుర్రాళ్ళు ఒకరినొకరు భుజాలతో నెట్టుకుంటారు. చూసేవాళ్ళకి కొట్లాటలా ఉంటుంది. ఒకడు కింద పడితే మాత్రం ఆరు చేతులు లేపుతాయి. ఎవరిదైనా కళ్ళద్దం పడిపోతే చుట్టూ అందరూ ఆగి ఫోన్ లైట్లు వేసి వెతుకుతారు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, నేను వెళ్ళిన ప్రతి షోలో చూశాను.

డెత్ మెటల్ గాయకులు పాడే ఆ గరగర గొంతులో మాట అర్థం కాదంటారు. మొదట్లో నాకూ కాలేదు. వింటూ వింటూ ఉంటే తెలిసింది, అందులో ఉండేది యుద్ధం, చావు, మతం పేరిట జరిగే హింస, మనిషి లోపలి భయం. 2021లో మా నాన్న పోయారు. ఆక్సిజన్ కోసం తిరిగిన ఆ నాలుగు రోజుల గురించి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. మళ్ళీ షోలు మొదలయ్యాక వెళ్ళిన మొదటి దాంట్లో గొంతు పోయేలా అరిచాను, అరుస్తూ ఏడ్చాను. పక్కనున్న ముక్కూమొహం తెలియని కుర్రాడు భుజం మీద చెయ్యి వేసి నీళ్ళ సీసా ఇచ్చాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి అమ్మతో నాన్న గురించి మాట్లాడాను. నాకు ఈ చిన్న హాళ్ళు ఎందుకు కావాలో అంతకంటే చెప్పలేను.

గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండ్ మన హైదరాబాద్‌లో పుట్టింది. దేశంలో ఈ సంగీతం వినేవాళ్ళకి ఆ పేరు తెలుసు. బెంగళూరులో 2012 నుంచి బెంగళూరు ఓపెన్ ఎయిర్ అని మెటల్ పండగ నడుస్తోంది. జర్మనీలో వాకెన్ అనే పల్లెటూరు 1990 నుంచి, కరోనా వల్ల ఆగిన రెండేళ్ళు తప్ప, ఏటా ఈ సంగీతం కోసమే నిండిపోతుంది. అంత పెద్దవి మేము అడగడం లేదు. పెద్ద స్టేజీ ఎక్కే ఏ బ్యాండైనా ముందు ముప్ఫై మంది ముందు వాయించి నేర్చుకున్నదే. ఆ ముప్ఫై మంది నిలబడే చోటు మన ఊళ్ళో లేకుండా పోతోంది. నాకు తెలిసిన ఇద్దరు గిటారిస్టులు బెంగళూరు వెళ్ళిపోయారు. ఒకడు గిటార్ అమ్మేశాడు.

మంత్రి గారూ, అనుమతి ఇస్తే ముందే రాసివ్వమని చెప్పండి. ఇవ్వకపోతే కారణం రాసివ్వమనండి. పోస్టర్ మీద పేరు చూసి కాదు, మీటర్ చూసి నిర్ణయించమనండి. మందు లేని, రెండు వందల మంది పట్టే ఒక ప్రభుత్వ హాలుని నెలకొక సాయంత్రం మాలాంటి వాళ్ళకి అద్దెకివ్వండి. ఉచితంగా వద్దు, అద్దె కడతాం, డిపాజిట్ కడతాం, ఊడ్చి తాళం అప్పజెప్తాం. పోలీసు అనుమతులు మీ శాఖ కిందికి రావని మళ్ళీ చెప్పి పంపకండి. ‘పరిశీలిస్తాం’తో పాటు మూడుసార్లూ అదే విన్నాం. ఇది సంగీతం కాబట్టే మీ దగ్గరికి వచ్చాం. వాళ్ళతో ఒక్క మాట చెప్పగలిగింది మీరే.

వచ్చే నెల రెండో శనివారం మళ్ళీ ఒక షో అనుకుంటున్నాం. అదే నిర్వాహకుడు, ఈసారి అప్పు చేశాడు. దరఖాస్తు నిన్ననే ఇచ్చాడు. హనుమకొండ కుర్రాడికి ఫోన్ చేసి, బస్సు టికెట్ ఇంకా తియ్యొద్దని చెప్పాను. ఔనో కాదో శనివారం సాయంత్రం ఏడింటికి కాకుండా ఒక వారం ముందు చెప్పించండి సార్. దయచేసి ఆ ఒక్కటైనా చెయ్యండి.

ఇట్లు,
ఒక మెటల్ శ్రోత,
ఉప్పల్, హైదరాబాద్